పన్నెండు పసుపు టోపీలు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ లాడ్జీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే తల్లి, ఆ పొద్దున నీలం వ్యానులో డ్రైవరు పక్క సీటు ఎక్కి కూర్చుంది. రమ్మని ఎవరూ పిలవలేదు. రావద్దని మాత్రం ఇద్దరు చెప్పారు.

"అక్కా, దిగు. నీ బరువైతే ఇంజను లాగుతుంది గానీ నీ భయం బరువు లాగలేదు," అన్నాడు డ్రైవరు.

"నువ్వు రోడ్డు చూసుకో తమ్ముడూ, చాలు."

రెండోది కూతురు. మెడలో విజిల్, చేతిలో అట్ట, అట్టమీద జాబితా. తలుపు దగ్గర నిలబడి పళ్ళబిగువున మాట్లాడుతోంది, వెనక సీట్లలోని వాళ్ళకి వినబడకూడదని.

"అమ్మా, గైడుగా ఇది నా మొదటి ట్రిప్పు. తల్లిని కొంగున కట్టుకొచ్చిందని నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ, పళ్ళేం ఊడవు. నన్ను ఎరగనట్టే ఉండు. నేను నోరు మెదిపితే అప్పుడడుగు."

"సరే. నువ్వు నా లెక్కలో లేవు. గుర్తుంచుకో."

ఆ లాడ్జీకి సెలవులకు వచ్చేవాళ్ళకు రెండు రోజులు సముద్రం చూడగానే మొహం మొత్తుతుంది. మూడో రోజున "ఇంకేం ఉన్నాయి చూడ్డానికి?" అంటారు. అందుకని ఈ వ్యాను. పొద్దున పాత కోట, అందులోని చిన్న మ్యూజియం. మధ్యాహ్నం ఇసుక దారిలో నడిచి పక్షుల దీవి. కూతురు రెండేళ్ళుగా తల్లి పక్కనే నిలబడి దిండు గలేబులు మడతపెడుతూ, కోట కథ, పక్షుల పేర్లు, పోటూ పాటూ వేళలు పాఠంలా వల్లెవేసింది. చివరికి మేనేజరమ్మ ఒప్పుకుంది. పన్నెండు మందిని తీసుకెళ్ళి పన్నెండు మందినీ వేళకు తీసుకొస్తే పని ఖాయం. తేడా వస్తే మళ్ళీ ఇస్త్రీ గదే.

కూతురికి తెలియనిది ఒకటుంది. వారం క్రితం తల్లి మేనేజరమ్మ గదికి వెళ్ళి చేతులు పట్టుకున్నంత పని చేసింది. "దాన్ని నా దగ్గరే ఉంచండమ్మా. అది ఈత రాని పిల్ల. రోజూ ఆ నీళ్ళు దాటి వెళ్తే నా ప్రాణం నిలవదు." మేనేజరమ్మ నవ్వి, చూద్దాం అంది. ఆ రోజు నుంచి తల్లి మనసు రెండు పడవల మీద కాళ్ళలా ఉంది. పిల్ల ఓడిపోవాలని ఏ తల్లీ కోరుకోదు. కానీ కాస్త చిన్న ఓటమి, ఎవరికీ దెబ్బ తగలనిది, ఒకటి వస్తే బాగుండునని ఈ తల్లి లోలోపల అనుకుంది. అనుకుని లెంపలేసుకుంది. మళ్ళీ అనుకుంది.

కోట దగ్గర ఏమీ కాలేదు. ఏదో ఒకటి అవుతుందని తల్లి ప్రతి గోడకీ మూరెడు దూరంగా నడిచింది. ప్రయాణికుల్లో రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి దించి పరీక్ష పెట్టింది.

"ఏమ్మా, ఈ గోడ ఎప్పుడు కట్టారు?"

"కట్టినవాళ్ళు రాసి పెట్టలేదండీ. పడగొట్టినవాళ్ళు మాత్రం మరిచిపోకుండా రాసుకున్నారు. అదిగో, ఆ రాయి మీద."

అందరూ గొల్లున నవ్వారు. హెడ్మిస్ట్రెస్ కూడా మూతి బిగించుకుని, ఆపుకోలేక నవ్వింది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని పిల్ల ఇదేనా అని తల్లి నోరు తెరిచి చూసింది.

లాడ్జీ వాళ్ళు ప్రయాణికులందరికీ తలా ఒక పసుపు టోపీ ఇస్తారు. మేనేజరమ్మ పెట్టిన పద్ధతి అది. జనం చెల్లాచెదురైనా దూరం నుంచి టోపీలు లెక్కపెట్టుకోవచ్చు. కోట దగ్గర కూతురు అలాగే లెక్కపెట్టింది. పన్నెండు. బండి కదిలింది.

దీవికి వెళ్ళే దారి రోజులో కొన్ని గంటలే ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుక తేలుతుంది. దారి పొడవునా కర్ర స్తంభాలు పాతారు. ఒక్కో స్తంభానికి మోకాలి ఎత్తున ఎర్ర గీత. నీళ్ళు ఆ గీతను తాకితే ఇక ఎవరూ దిగకూడదు. నాలుగు దాటితే పోటు దారిని ముంచేస్తుంది, రాత్రి ఎనిమిదికి గానీ దారి మళ్ళీ తేలదు. కూతురు ఇదంతా చెబుతుంటే తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని, ప్రతి స్తంభాన్నీ ముట్టుకుంటూ నడిచింది.

దీవి మీద ఎండ పెళ్ళుమంటోంది. కూతురు అందరినీ ఓడలకి దారి చూపే దీపస్తంభం మెట్ల దగ్గర పోగుచేసి కొంగల గురించి చెబుతోంది. ప్రయాణికుల్లో పక్షుల పిచ్చి ఉన్న ఒక పెద్దాయన మాత్రం మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని విసుక్కుంటూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీకు టోపీ లేదుగా. ఇది పెట్టుకోండి. ఈ పసుపు చూసి పిట్టలన్నీ ఎగిరిపోతున్నాయి. నా తలమీద దీపం పెట్టినట్టుంది."

వద్దంటే బాగుండదు. ఎండ కూడా నడినెత్తిన ఉంది. తల్లి టోపీ పెట్టుకుంది. పెద్దాయన బట్టతల నిమురుకుంటూ రాళ్ళ వెనక్కి వెళ్ళిపోయాడు.

మూడున్నరకు విజిల్ మోగింది. కూతురు దీపస్తంభం పై మెట్టెక్కి వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. పైనుంచి చూసేవాళ్ళకి మొహాలు కనబడవు, టోపీలే. తల్లి వంగి చెప్పు పట్టీ బిగించుకుంటోంది.

"పన్నెండు! పదండి."

సగం దారి వచ్చారు. ఇసుక అప్పటికే తడిసి మెత్తబడింది. తల్లి అలవాటుగా భయపడటానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ వెతికింది. స్తంభాలు సరిగ్గానే ఉన్నాయి. కూతురు ముందు నడుస్తోంది. ఎవరూ జారిపడలేదు. ఈ రోజు నిజంగానే ఏమీ కాలేదు అనుకుని, చెమట తుడుచుకుందామని తలమీది టోపీ తీసింది.

తీసిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ముందున్న టోపీలు లెక్కపెట్టింది. పదకొండు. చేతిలోది పన్నెండోది.

ఒక్క క్షణం, అర క్షణం, ఆ పాడు ఆలోచన లోపల కదిలింది. నువ్వు కోరుకున్నది ఇదేగా. మరుక్షణమే ఆ బట్టతల కళ్ళముందు మెదిలింది. పరుగెత్తింది. జీవితంలో వరద నీళ్ళు చూసినా పరుగెత్తని మనిషి తడి ఇసుకలో పరుగెత్తి కూతురి భుజం పట్టుకుంది.

"చిన్నీ, ఈ టోపీ నాది కాదే. పక్షుల పెద్దాయనది. ఆయన అక్కడే ఉండిపోయాడు."

కూతురు అరవలేదు. ముందు స్తంభం చూసింది. తర్వాత గడియారం చూసింది.

"గీతకి ఇంకా మూరెడుంది. వెళ్ళేందుకు టైముంది, వచ్చేందుకు లేదు," అంది. "నేను వెనక్కి వెళ్తా."

"నేను వెళ్తా! నువ్వు ఆగు. నా వల్లే కదా ఇదంతా."

"అమ్మా, నీకు ఆ రాళ్ళ వెనక దారి తెలుసా?"

తెలియదు.

"నేను నీళ్ళలో దిగను. ఒట్టు. ఆయన్ని పట్టుకుని దీపస్తంభంలో కూర్చుంటా, దారి తేలాక ఎనిమిదికి వస్తాం. లోపల గది ఉంది, మంచినీళ్ళున్నాయి. నువ్వు వీళ్ళని ఒడ్డుకి తీసుకెళ్ళు. స్తంభాల ఎడమ పక్కనే నడిపించు, కుడివైపు బురద."

"నేనా? గైడునా నేను?"

"ఇంకెవరున్నారు మరి? విజిల్ తీసుకో."

విజిల్ తల్లి మెడలో పడింది. కూతురు వెనక్కి తిరిగి పరుగందుకుంది. తల్లికి ఆ వీపు వంకే చూస్తూ నిలబడాలని ఉంది. కేకేసి ఆపాలని ఉంది. కడుపు చేతపట్టుకుని బతికిన ఇరవై రెండేళ్ళలో ఆ పిల్లకి వీపు చూపించి నడిచింది లేదు. ఇప్పుడు నడవాలి. పదకొండు మంది ఆమె మొహంలోకి చూస్తున్నారు.

"ఏమైందమ్మా? మునిగిపోతామా?" అంది హెడ్మిస్ట్రెస్, పరీక్ష పెట్టే గొంతు ఎక్కడికో పోయి.

"మునగం. ఎడమ పక్కనే నడవండి. నా వెనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. మాట్లాడుకుంటూ నడవండి, నీళ్ళు చూడకండి." ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు.

నడిచింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. తిరిగితే కాళ్ళు ఆగుతాయని తెలుసు. చీలమండల దాకా నీళ్ళు వచ్చేసరికి ఒడ్డు తగిలింది. అక్కడ అందరినీ వరసగా నిలబెట్టి, టోపీలు తీయించి, ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టింది. పదకొండు మంది.

డ్రైవరు ఫోను మోగింది. ఆమె లాక్కుంది.

"అమ్మా, దొరికాడు. గూట్లో పిట్టపిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వస్తుంటే చూస్తూ కూర్చున్నాడు, విజిల్ కూడా వినలేదట. ఇద్దరం పొడిగానే ఉన్నాం."

"ఒట్టు?"

"ఒట్టు. ఆయన్ని ఇస్తా ఉండు."

"అమ్మా, క్షమించాలి," పెద్దాయన గొంతు వినబడింది. "కానీ మూడు పిల్లలమ్మా! మూడూ బతికాయి!"

"మీ పిట్టల సంగతి తర్వాత. నా పిల్లని చలిగాలిలో నిలబెట్టకండి," అని ఫోను పెట్టేసి, తల్లి రాయి మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. రెండు నిమిషాలే. వ్యాను తలుపు తెరిచి, పదకొండు మందినీ ఎక్కించి, తనూ ఎక్కింది.

మేనేజరమ్మకు వార్త ముందే అందింది. గది తలుపు వేసి, కుర్చీ చూపించింది. తల్లి కూర్చోలేదు.

"మొదటి ట్రిప్పులోనే మనిషిని వదిలేసి వచ్చింది," అంది మేనేజరమ్మ. "ఏం చెయ్యమంటారు?"

"వదిలేసి రాలేదమ్మా. ఆయనకోసమే వెనక్కి వెళ్ళింది. తప్పు నాది. లెక్కలో లేని మనిషిని వ్యానెక్కాను, ఇంకొకరి టోపీ పెట్టుకున్నాను. కానీ ఒక్కటి అడుగుతాను, చెప్పండి, మీరు మనుషుల్ని పంపుతున్నారా, టోపీల్నా? నేను ఒక్క దిండు గలేబు తగ్గినా పేరు పెట్టి అడుగుతాను, ఏ గదిదని. మనుషులకి పేర్లు లేవూ?"

మేనేజరమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. ఆ టోపీల పద్ధతి తనదే. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అంది.

"పోయిన వారం మీరే వచ్చి అడిగారు, పిల్లని ఇస్త్రీ గదిలోనే ఉంచమని. ఇప్పుడు నాకు మంచి కారణం దొరికింది. సరే అనండి, రేపటి నుంచి మీ పక్కనే ఉంటుంది. మీకు నిద్ర పడుతుంది, నాకూ గొడవ ఉండదు."

అదీ ఆమె కోరుకున్నది. ఎవరికీ దెబ్బ తగలని చిన్న ఓటమి, ఆమె లోలోపల అడిగినదే, పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. అవునంటే చాలు. కూతురికి ఎప్పటికీ తెలియదు.

తల్లికి ఇసుక దారి గుర్తొచ్చింది. నీళ్ళు గీతకు మూరెడు దూరంలో ఉన్నప్పుడు, ఆ పిల్ల ముందు స్తంభం, గడియారం చూసి, తర్వాత ఏడవకుండా ఆలోచించింది. తనైతే ముందు ఏడ్చేది. ఆ తర్వాత కూడా ఏడ్చేది. పెద్దాయన సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

"వద్దమ్మా," అంది.

"ఏం వద్దు?"

"ఇస్త్రీ గది వద్దు. నేను అడిగింది తప్పు. దానికి ఈ పని వచ్చు. నాకు భయం వచ్చు. నా భయానికి దాని పని పోగొట్టకండి."

"రేపు మళ్ళీ ఇలాంటిది జరిగితే?"

"జరగొచ్చు. నాకు నిద్ర పట్టదు. అది నేను చూసుకుంటాను."

మేనేజరమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తడిసిన చీర అంచు నుంచి ఇసుక రాలి నేలమీద చిన్న కుప్ప అయింది.

"రేపటి నుంచి పేర్లు పిలవమనండి మీ అమ్మాయిని. జాబితా చూసి, ఒక్కొక్కరి మొహం చూసి." పెన్ను మూత పెట్టింది. "రేపు పదకొండు మందే వస్తున్నారు. ఒక సీటు ఖాళీ ఉంది. జాబితాలో మీ పేరు రాయమంటారా, పద్ధతిగా?"

తల్లికి నాలుక చివర దాకా వచ్చింది అవునని. దాన్ని మింగేసింది.

"రాను," అంది, తలుపు వైపు నడుస్తూ. "కానీ ఈ పూటకి డ్రైవరుతో ఒడ్డుకి వెళ్తాను. దారి తేలేదాకా కూర్చుంటాను. అది మాత్రం మీరు ఆపలేరు."