చల్లారని కుర్చీలు

వంకర తిరిగిన ప్లాస్టిక్ కుర్చీని నెత్తిన పెట్టించి, పెద్దకోడలిని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టాడు సూపర్‌వైజరు. మొదటి షిఫ్టు వెళ్ళిపోతోంది, రెండో షిఫ్టు వస్తోంది. "చూడండి, సరుకు పాడుచేసే మొహం ఇదీ! విచారణ అయ్యేదాకా లోపల అడుగు పెట్టకు," అని అతను కేకలేస్తుంటే అందరూ తలలు దించుకుని నడిచారు.

రెండో షిఫ్టుకు వస్తున్న చిన్నకోడలూ చూసింది. జాలేసింది, అబద్ధమెందుకు? కానీ జాలికంటే ముందు అనుమానం వచ్చింది. ఇందులో ఏదో మతలబు ఉందనుకుంది.

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, షిఫ్టులు వేరైనా ఒకే కుర్చీల మిషను. నీళ్ళ బిందె దగ్గర మొదలైన మాటపట్టింపుతో నెల రోజులుగా మాటల్లేవు. దిగే మనిషి ఆఖరి కుర్చీని ఎక్కే మనిషి చేతికిచ్చి, ఆరిందో లేదో తాకి చూడమని చెప్పి పోవడం ఆ ఫ్యాక్టరీలో పద్ధతి. ఒకరి మొహం ఒకరు చూడలేక వీళ్ళు ఆ పద్ధతికి నీళ్ళొదిలారు. పెద్దకోడలు వెనక దారిన పోయాకే చిన్నకోడలు ముందు దారిన వచ్చేది. ఆ కాసేపూ మిషను దగ్గర ఎవరూ ఉండేవారు కాదు.

అప్పటినుంచే కుర్చీలు చెడిపోతున్నాయి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో గట్టిపడటానికి ఇంత సమయమని ప్యానెల్‌లో పెడతారు. దాన్ని ఎవరో తగ్గించేస్తున్నారు. అచ్చు ముందే తెరుచుకుంటుంది, ఉడుకుతున్న కుర్చీని చేత్తో లాగాలి. బయటికొచ్చాక దాని కాళ్ళు వంకరపోతాయి. ఇదంతా నన్ను ఇరికించడానికి అక్క చేస్తున్న పనే అనుకుంది చిన్నకోడలు. ఆమెను అందరూ అనుమానపు పక్షి అనేది ఊరికే కాదు.

ఆ సాయంత్రం సూపర్‌వైజరు ఆమెను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, కూలింగ్ టైము మార్చింది మీ అక్కేనని రేపు మేనేజరుగారి ముందు ఒక్క మాట చెప్పు. ఆమె పోతుంది, నువ్వు పర్మినెంటు అవుతావు."

"నేను చూడలేదు కద సార్."

"చూశావనుకో. ఏం పోయింది?"

ఎన్నడూ లేనిది వీడికి నా మీద ఇంత ప్రేమేమిటి? ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున వంటింట్లో అక్క గిన్నె పట్టుకోలేక జారవిడిచింది.

"చేతికేమైంది?" అంది చిన్నకోడలు.

"నీ పుణ్యమే. రాత్రి టైము తగ్గించి పోతావు, పొద్దున్నే నేను కాల్చుకుంటాను."

"నేనా? తగ్గించేది నువ్వు! ఇదిగో చూడు!" అని అరచేతులు చాచింది.

ఇద్దరి చేతులూ పొక్కులే, ఒకే చోట, వేళ్ళ మొదట్లో.

"ఎవరైనా తమ చెయ్యి తామే కాల్చుకుంటారుటే?" అంది అక్క నెమ్మదిగా. "అయినా ప్యానెల్‌కి తాళం ఉంటుంది కదా. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

సూపర్‌వైజరు నడుముకు వేలాడే గుత్తి ఇద్దరికీ గుర్తొచ్చింది. చిన్నకోడలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ పక్కనున్న మనిషినే అనుమానించింది తప్ప ఒక్కసారీ పైకి చూడలేదు. యజమానికి కావలసిందీ అదే.

షిఫ్టు మారే వేళ తోడికోడళ్ళు పిలిస్తే రెండు షిఫ్టుల వాళ్ళూ గేటు ఎదుటి టీ బడ్డీ వెనక చేరారు. ఎవరు ఎవరి మనిషో తెలియక ఎడంఎడంగా నిలబడ్డారు.

"అచ్చుకి పోయే నీళ్ళు చల్లబరిచే మిషను చెడి నెలయింది," అన్నాడు ముసలి ఫిట్టరు. "ఆపి బాగుచేస్తే ఆర్డరు పోతుందన్నారు. నీళ్ళు వేడిగా ఉంటే టైము పెంచాలి. వీళ్ళు ఆర్డరు తొందరకి తగ్గిస్తున్నారు."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?" అన్నాడొకడు.

"నువ్వు మోసుకుపోయి చెప్తావని భయం."

"నేనా! నువ్వే వాళ్ళ మనిషివనుకున్నాను కదయ్యా!"

నవ్వారు, తిట్టుకున్నారు, దగ్గరికి జరిగారు. "ఆమె ఒక్కదానికోసం అందరం రోడ్డున పడాలా?" అన్నాడు ప్యాకింగువాడు.

"మిషను తలుపు తెరిచి ఉంటే అచ్చు కదలదు. మూసేది మనమే. అందరం ఆపితే ఎవర్నని పనిలోంచి తీసేస్తారు?" అంది చిన్నకోడలు. ప్యాకింగువాడు మొహం చిట్లించాడు, అలాగని వెళ్ళిపోనూ లేదు.

విచారణ మిషన్ల మధ్యే జరిగింది. "చెప్పమ్మా, ఏం చూశావు?" అన్నాడు మేనేజరు.

"మా అక్క చేతులు చూశాను సార్. కాలిపోయాయి. తాళంచెవి సూపర్‌వైజరుగారి దగ్గరుంది. ఆయన పెట్టిన టైముకి ఆయన్నే ఒక్క కుర్చీ లాగమనండి."

సూపర్‌వైజరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె తన మిషను తలుపు తెరిచింది. పక్క మిషను తలుపు తెరుచుకుంది, ఆ పక్కదీ తెరుచుకుంది. చప్పుడంతా ఆగిపోయింది.

"మూయండి!" అని అరిచాడు మేనేజరు.

"నీళ్ళు చల్లబడాలి, టైము సరిగ్గా పెట్టాలి, మా అక్క పనిలోకి రావాలి. అప్పుడు మూస్తాం."

కాసేపటికి పోలీసులొచ్చారు. మిషన్లు పాడుచేసిందని చిన్నకోడలిని వ్యానులోకి తోశారు. గేటు బయటున్న పెద్దకోడలు పరుగున వచ్చి వ్యాను తలుపు పట్టుకుంది.

"తప్పుకో! నీకేమవుతుంది ఆమె?" అని గద్దించాడు పోలీసు.

పెద్దకోడలు 'తోడికోడలు' అని అనలేదు. "చెల్లెలు," అంది.

"నాకు కూతురు," అన్నాడు ఫిట్టరు వ్యాను ముందు కూర్చుంటూ.

ప్యాకింగువాడు ఒక్కక్షణం తటపటాయించాడు. "నాకు వదిన," అని వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

ఇళ్ళకు పోవలసిన మొదటి షిఫ్టు కూడా పోలేదు. అక్క, పిన్ని, మేనకోడలు అంటూ ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటుంటే వ్యాను డ్రైవరు ఇంజను ఆపేశాడు.