దూది బరువు

కాంటాలాయన పొద్దున్నే లేచి, తను కాఫీ తాగకముందే పిల్లిపిల్లకి ఉచ్చ పోయించేవాడు. వంటగది గట్టు మీద పాత తువ్వాలు పరిచి, ఎడమచేత్తో దాని రొమ్ము కింద పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళతో పొట్ట అడుగున ఉసిరికాయంత ఉబ్బిన చోటు వెతికి, మెల్లగా వెనక్కి నొక్కాలి. గట్టిగా నొక్కితే లోపల పగులుతుంది, నొక్కకుండా వదిలేస్తే ఒళ్ళంతా విషమెక్కుతుంది. దానికి నడుము కింద చచ్చుపడిపోయింది, దానంతట అది పోసుకోలేదు. అందుకని రోజుకి మూడుసార్లు ఈ పని. ఒక్కపూట కూడా తప్పించలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

దాని పేరు దూది. ఇంటికి తెచ్చిన రోజు చేతిలో ఏమీ లేనట్టే ఉందని ఆయన భార్య ఆ పేరు పెట్టింది.

ఆయన వృత్తి కాంటాలు బాగుచేయడం. బజారులో సగం కొట్ల తూకం ఆయన చేతి మీదుగా సరైందే. బాగుచేసిన ప్రతి కాంటాకీ అడుగున చిన్న సీసపు ముద్ర వేసేవాడు. ఎంత పెద్దమనిషి చెప్పినా నమ్మడు, ముల్లు చెబితే నమ్ముతాడు. ఏనాడూ ఓ కుక్కకి ఓ ముద్ద వేసిన పాపాన పోలేదు. "మీలో ఉన్నది గుండె కాదు, తూకం రాయి," అని భార్య దెప్పేది. అలాంటి మనిషి ఒక రోజు, కొట్టు తెరిచిన పది నిమిషాలకే, చొక్కాలో ఏదో చుట్టుకుని బనీనుతో ఇంటికొచ్చేసరికి ఆమె నోరు తెరుచుకుని చూసింది.

"కుక్క పట్టింది దీన్ని," అన్నాడాయన. "విడిపించి తెచ్చాను."

ఆమె ఆయన వైపు ఒక చూపు చూసింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన ఎరగని చూపు అది. ఆ పూట కాఫీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది, మామూలుగా అయితే బల్ల మీద పెట్టి పోయేది. మనిషికి ఇంతకంటే ఏం కావాలి.

పక్క కొట్టు దర్జీ వచ్చి అడిగాడు. ఎదురు కొట్టువాళ్ళు అడిగారు. మూడోసారి చెప్పేటప్పటికి కుక్కలు రెండయ్యాయి, నాలుగోసారికి ఆయన చేతిలోకి ఒక కర్ర వచ్చింది. కుక్క కరవలేదా అని ఎవరో అడిగితే చొక్కా చేతులు కిందికి లాక్కుని, అదంతా ఎందుకులెండి అన్నాడు. ఆ వినయానికి అందరూ మరింత మెచ్చుకున్నారు.

రెండో వారానికి దూదిని పెట్టిన బుట్ట పిడి ఊడిపోయింది. తాగేది పూటకి నాలుగు చెంచాల పాలు, వెన్నుపూసలు ఒక్కొక్కటే కనబడుతున్నాయి, బరువు మాత్రం కిలో దాటింది. వీధిలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. కొన్ని జీవాలు అంతే అన్నారు. భార్య దాని పరుపు కింద ఒక చెక్క వేసి ఊరుకుంది. చిక్కల్లా ఇంకోచోట వచ్చింది. మొదటి వారం దూది సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినగానే, ముందుకాళ్ళతో ఒళ్ళు ఈడ్చుకుంటూ వంటగదిలోంచి వీధి గుమ్మం దాకా వచ్చేది. ఇప్పుడు గోళ్ళు నేలని గీరుతున్నాయి, ఒళ్ళు కదలడం లేదు. గీరి గీరి ఆగిపోయి, ఉన్నచోటి నుంచే ఆయన్ని చూసి అరుస్తోంది.

"మా చిన్నమ్మ వాళ్ళింట్లో చిలుక కూడా ఇలాగే బరువెక్కింది అన్నయ్యా," అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇంట్లో ఎవరో ఏదో దాచారట. అది బయటపడ్డాక మళ్ళీ మామూలైంది."

"ఊరుకోవయ్యా," అని నవ్వేశాడు కాంటాలాయన. ఆ నవ్వు ఆయనకే బాగాలేదు.

ఆ మధ్యాహ్నం భార్య ఇంట్లో లేనప్పుడు దూదిని ముందుగదిలో కాంటా మీద పెట్టాడు. ముల్లు నిలబడ్డాక, ఎవరూ లేని గదిలో మెల్లగా అన్నాడు: "నిన్ను కుక్క నోట్లోంచి లాగాను." ముల్లు యాభై గ్రాములు ముందుకి కదిలింది. దొంగ కాంటాలు ఎన్నిటినో పట్టుకున్నవాడు, ఒక కాంటాకి తాను పట్టుబడడం ఇదే మొదలు. తల కొట్టేసినట్టయింది.

చేసిన పని ఇది: ఇక ఆ కథ చెప్పకూడదనుకున్నాడు. నిజం చెబుదామని మాత్రం అనుకోలేదు. కానీ ఆయన మానేస్తే వీధి మానుతుందా? "ఈయనే కదూ కుక్కల మీదికి దూకింది," అని ఎవరో అనేవారు, ఈయన ఊఁ అని తలూపేవాడు. తలూపినా ఇరవై గ్రాములు పెరిగేది. ఇంటికొచ్చి తూచుకుని, సిగ్గుతో చచ్చిపోయి, మర్నాడు మళ్ళీ తలూపేవాడు.

ఇంతలో దూది ఎడమ వెనకకాలు నల్లబడి వాసన వేయడం మొదలుపెట్టింది. భార్యాభర్తలిద్దరూ దాన్ని చెక్కతో సహా చెరోవైపు పట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళారు.

"కాలు ఇవాళే తీసేయాలి. ఆలస్యమైతే పిల్ల దక్కదు," అంది డాక్టరమ్మ, దూదిని కాంటా పళ్ళెంలో పెడుతూ. ముల్లు రెండు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. "చూస్తే ఆరేడు వందల గ్రాముల పిల్ల. నేను దేన్ని నమ్మి మత్తుమందు ఎక్కించను? ఎక్కువైతే లేవదు, తక్కువైతే కోస్తుండగానే లేస్తుంది. అంచనా మీద ఇచ్చే మందు కాదిది. కాంటా ఏమైనా తప్పుందంటారా? మీరు బాగుచేసిందే కదా."

ఆయనకి తలుపు తెరుచుకున్నట్టయింది. అవునండీ, తప్పుంది అంటే చాలు. పళ్ళెం వైపు చూశాడు. దూది గడ్డం రేకుకి అణిగిపోయి ఉంది, తల ఎత్తలేక కళ్ళు మాత్రం ఆయన వైపు తిప్పింది. పళ్ళెం అడుగున ఆయన సీసపు ముద్ర ఉంది.

"కాంటా సరిగ్గానే ఉందండీ," అన్నాడు.

"అయితే చెప్పండి. ఇలాంటివి మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఉన్నది బయటికి తీస్తే దిగుతుంది."

భార్య మొహం చూడలేక ముల్లుకే చెప్పాడు. "కుక్క పట్టలేదు. నా కొట్టు షట్టరు కింద పడింది."

ముల్లు గిర్రున వెనక్కి తిరిగి పద్దెనిమిది వందల దగ్గర ఆగింది.

"ఇంకా ఉంది," అంది డాక్టరమ్మ.

"దానంతటది పడలేదు. సాయంత్రం కొట్టు కట్టేస్తుంటే, షట్టరు నేలకి జానెడు ఎత్తులో పట్టేసింది. తుప్పుకి రోజూ పట్టేస్తుంది, కాలితో తొక్కి దించుతాను. ఆ రోజూ తొక్కాను."

తొమ్మిది వందలు.

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "అలవాటు మీద తొక్కారు. చూసుకోలేదు. తెలియక జరిగినదానికి ఇన్నాళ్ళూ మీలో మీరు కుమిలిపోయారా?" అంది. ఆ గొంతులో ఎంత జాలి ఉందంటే, అక్కడితో ఆగిపోవాలనిపించింది. అవునే, తెలియలేదు అంటే ఈ చెయ్యి ఇక్కడే ఉంటుంది. ముల్లు తొమ్మిది వందల దగ్గరే నిలబడి ఉంది.

"అరిచింది," అన్నాడు. "తుప్పు చప్పుడనుకున్నాను."

ముల్లు ముందుకి జరిగింది.

"కాదు. పిల్లి అరుపేనని తెలుసు. మళ్ళీ ఎత్తి చూస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది. అందుకని చూడలేదు. తాళం వేసి ఇంటికొచ్చేశాను. ఆ పూట నువ్వు భోజనం పెట్టావు. బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నాను. తెల్లవార్లూ అది ఆ రేకు కిందే ఉంది."

మోచెయ్యి మీది చెయ్యి తీసేయడం ఆయనకి తెలిసింది. ముల్లు ఆరు వందల నలభై దగ్గరికి వచ్చి, అటూఇటూ ఊగకుండా నిలబడింది. డాక్టరమ్మ ఆ అంకె కాగితం మీద రాసుకుని, సిరంజిలోకి మందు తీసింది.

వరండాలో బెంచీ మీద ఆయన ఒక చివర కూర్చున్నాడు, ఆమె ఇంకో చివర. గంటన్నరకి లోపలి నుంచి సన్నగా అరుపు వినిపించింది. డాక్టరమ్మ తలుపు తీసి, పిల్ల లేచింది, తీసుకెళ్ళొచ్చు అంది. భార్య దాన్ని ఒంటిచేత్తో గుండెకి ఆనించుకుని ముందు నడిచింది. ఆయన ఖాళీ చెక్క పట్టుకుని వెనక నడిచాడు.

మర్నాడు దర్జీకి నిజం చెప్పాడు. దర్జీ రెండు రోజులు ఈయన వైపు తలెత్తి చూడలేదు. ఎదురు కొట్లకీ తానే వెళ్ళి చెప్పాడు. ఇప్పుడెందుకండీ ఇదంతా అని విసుక్కున్నవాళ్ళున్నారు, కాంటా బాగుచేయించడం మానుకున్నవాళ్ళున్నారు. షట్టరుకి నూనె పెట్టించాడు. అయినా రోజూ సాయంత్రం మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆనించి కింద చూసి గానీ దించడం లేదు. చూసినవాళ్ళు నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాడు.

ఇంట్లో ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ఉచ్చ పోయించే వేళకి గట్టు మీద తువ్వాలు పరిచి, దూదిని దాని మీద పడుకోబెట్టి, "టైమైంది," అని పక్కకి తప్పుకునేది. ఆయన చేతికి మాత్రం ఇచ్చేది కాదు. కాఫీ గ్లాసు మళ్ళీ బల్ల మీదికి వచ్చింది.

కాలు పోయాక దూది ఆరు వందలకి దిగింది. మందు కోసం ప్రతి ఆదివారం తూచమంది డాక్టరమ్మ. నాలుగు ఆదివారాలు ముల్లు అక్కడే ఉంది. అయిదో ఆదివారం ఆరు వందల యాభై చూపించింది.

ఆయన దూదిని తీసి, ఇత్తడి రాయి పెట్టి కాంటా సరిచూసుకుని మళ్ళీ తూచాడు. ఆరు వందల యాభయ్యే. ఆ వారం అన్న మాటలన్నీ తవ్వుకోవడం మొదలుపెట్టాడు. మంగళవారానికి ఇస్తానన్న కాంటా మంగళవారమే ఇచ్చాడు. కుక్కల ఊసు ఎత్తిన కొత్త మనిషికి షట్టరు సంగతి చెప్పి పంపాడు. ఇంకేం ఉంది? వంటగది గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమిటి?" అంది ఆమె.

"మొన్న కూరలో ఉప్పెక్కువైంది. బాగుందన్నాను."

"నాకూ తెలుసు. నేనూ తిన్నాగా."

వెనక్కి వెళ్ళి చూశాడు. ముల్లు కదల్లేదు. "ఇంకేం అన్నానో గుర్తు రావడం లేదే," అన్నాడు. "నిజంగా గుర్తు రావడం లేదు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ముల్లు చూసింది, ఆయన మొహం చూసింది. పళ్ళెంలోంచి దూదిని తీసి పొట్ట తడిమింది. వీపు మీద ఎముకల కోసం వెతికితే వేళ్ళకి అందలేదు.

"పాలు బాగా తాగుతోందండీ," అంది. "పెరుగుతోంది."

ఉచ్చ పోయించే టైమైంది. ఆమె తువ్వాలు కోసం వెళ్ళలేదు, దూదిని ఆయన చేతికిచ్చింది.