ఎవరూ అడగని వాచీ

నేను చేసిన పని ఎంతోమంది నోళ్ళలో నానుతోంది. నా పేరు మాత్రం ఒక్కరి నోట్లోనూ లేదు. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టరుగారు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆయన ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా పళ్ళు చెక్కుతున్నాను. మా పనిలో గొప్పతనమంతా చేసినట్టు తెలియకపోవడంలోనే ఉంది. "పళ్ళు భలే కట్టారండీ" అని ఎవరైనా అన్నారంటే ఆ సెట్టు తగలేసినట్టే లెక్క. పెట్టుకున్నవాళ్ళు నవ్వుకుంటూ డాక్టరుగారికి దండం పెట్టి వెళ్ళిపోతారు. నేను తలుపు సందులోంచి చూస్తూ ఉంటాను.

అందుకే నలభై ఆరో ఏట నాకో పిచ్చి కోరిక పుట్టింది. నలుగురికీ కనిపించేది ఒక్కటి చేయాలి. చూసినవాళ్ళు "ఇదెవరు చేశారు?" అని అడగాలి. నేను చెప్పడం కాదు, వాళ్ళంతట వాళ్ళే అడగాలి. బతిమాలి పొగిడించుకునే ఖర్మ నాకేం పట్టింది?

చేతికుంటే అందరి కళ్ళూ పడతాయని వాచీ చేద్దామనుకున్నాను. మావారు కారు డ్రైవింగు నేర్పిస్తారు. శిష్యుడొకడు ధనామని తలుపు వేసినప్పుడు మధ్యలో ఇరుక్కుని ఆయన వాచీ నుజ్జునుజ్జయింది. విచిత్రం, లోపలి యంత్రానికి మాత్రం ఏమీ కాలేదు. కీ ఇస్తే టిక్కుటిక్కుమంటూనే ఉంది. దాన్ని నేను తీసుకున్నాను.

"యంత్రం ఉన్నాక ఇంక నువ్వు చేసేదేముంది?" అన్నారాయన.

"ఇంజనుంటే సరిపోతుందా? దాని మీదే కూర్చుని పాఠాలు చెప్పండి చూద్దాం."

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన నా ఆదివారాల జోలికి రాలేదు.

మైనంతో కేసు చెక్కి, సుద్దలాంటి ముద్దలో పాతిపెట్టి, కొలిమిలో కాల్చాను. మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం కరిగించి పోశాను. పళ్ళకి తొడుగులు చేసేదీ ఇలాగే. మొదటిది బొక్కలు పడింది. రెండోదాంట్లో యంత్రం దూరలేదు. మూడోది కుదిరింది. వెనక మూత సరిగ్గా కూర్చోనని మొండికేస్తే, పేషెంట్ల చేత కొరికించే నీలం కాగితాన్ని మధ్యలో పెట్టి నొక్కాను. రంగు అంటిన చోటల్లా అరగదీశాను. పళ్ళ సెట్టుకి కొక్కేలు వేసే తీగని చదును చేసి ముళ్ళు కోశాను. అంకెలకి బదులు పన్నెండు పింగాణీ చుక్కలు పెట్టాను. అదీ పళ్ళ పింగాణీయే.

"పళ్ళొచ్చేశాయిగా, ఇక దీనికి తిండి కూడా పెట్టాలేమో!" అన్నారు మావారు.

చివరికి యంత్రం లోపల కదలకుండా, చిగుళ్ళు చేసే గులాబీ రంగు ప్లాస్టిక్‌తో చుట్టూ ఓ ఉంగరంలా కట్టి, మైనంతో అతికించాను. మా గదిలో ఏది కదిలినా మైనమే మందు.

"చేసింది నేనని మీరు నోరు జారారో, రేపు మీ పళ్ళూడితే నా గడప తొక్కొద్దు" అని ఆయనతో ఒట్టు వేయించుకుని, సోమవారం వాచీ పెట్టుకుని బయల్దేరాను.

డాక్టరుగారు చూశారు. "కొత్త వాచీనా? మా ఆవిడకీ ఇలాంటిదొకటి కొనాలి" అన్నారు. ఆదివారం మా ఆడపడుచు వచ్చింది. నా చెయ్యి లాక్కుని మరీ చూసింది. ఇప్పుడడుగుతుంది అనుకున్నాను.

"ఎంత బాగుందమ్మా! ఏ షాపులో కొన్నావ్?"

"గుర్తులేదు వదినా." వెనకనున్న మావారికి దగ్గొచ్చింది.

ఒళ్ళు మండిపోయింది. కోపం ఆవిడ మీద కాదు, నా చేతుల మీదే. ఇరవై రెండేళ్ళు దాచడమే నేర్చుకున్న చేతులు కదా! ఆకురాయి గీత ఒక్కటైనా మిగల్చకుండా అద్దంలా మెరిపించి, అచ్చం షాపు సరుకులా తయారుచేసి కూర్చున్నాను. బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను. "పోనీ నేను చెప్పేయనా?" అన్నారు మావారు తలుపవతల నుంచి. "చెప్పి చూడండి, మీ సంగతి చెప్తాను" అన్నాను ముక్కు చీదుకుంటూ.

ఇంకో నాలుగు రోజులకి, బస్సు కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో ముప్పావుగంట నిలబడ్డాను. వాచీ ఆగిపోయింది. ఊపాను, తట్టాను, కీ ఇచ్చాను, తిట్టాను. ఊహూ. సందు మొగలో వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన గాజుపెట్టె వెనక కూర్చుంటాడు. ఏమీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టాను. కంటికి భూతద్దం తగిలించుకుని మూత తీశాడు. ముఖం ఎర్రబడింది.

"ఎవరమ్మా ఇది చేసింది?" అని గట్టిగా అరిచాడు.

గాజుపెట్టె మీదికి వంగాను. "ఏమన్నారు?"

"ఎవరు చేశారని అడుగుతున్నా! బుద్ధున్నవాడెవడైనా వాచీలో మైనం పెడతాడా? ఎండకి కరిగి చక్రాల్లోకి దిగిపోయింది. ఈ గులాబీ రంగుదేంటి, చిగుళ్ళలాగా?"

"చిగుళ్ళే. నేనే చేశాను."

"ఏంటీ, ఈ మైనం పెట్టిందా?"

"మైనం పెట్టిందీ నేనే, కేసు పోసిందీ నేనే, ముళ్ళు కోసిందీ నేనే. ఆ మూతా నేనే."

ఆయన మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. అంచు వెంట గోటితో రాశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. భూతద్దం నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూశాడు.

"మూత ఇంత బాగా కూర్చోబెట్టిన మనిషివి, లోపల మైనం పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయమ్మా?"

నా వెనక ఇద్దరు తమ వాచీలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంకాస్త గట్టిగా తిట్టండి, వాళ్ళక్కూడా వినబడాలి" అన్నాను.