నిచ్చెన వేలు

గోడలకు సున్నం వేయించాలి. ఏడాదిగా తాళం పడి ఉన్న మరుగుదొడ్డి తెరిపించి కడిగించాలి, తనిఖీ అయిపోయాక మళ్లీ తాళం వేయాలి. విరిగిన బెంచీలన్నీ సామాన్ల గదిలోకి నెట్టాలి. నాలుగో తరగతి ముందు వరుస పిల్లలకు నది పాఠం నోటికి రావాలి. బూట్లు లేనివాళ్లు వెనక కూర్చోవాలి. చదవడం రాని పిల్లలు ఆ రోజు ఇంటి దగ్గరే ఉండాలి.

ఈ పనులన్నీ పెద్ద సార్ టీ తాగుతూ చెప్పాడు. చివరిది చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు మారలేదు. బెంచీలూ పిల్లలూ ఆయనకు ఒకే లెక్కలో పడ్డారు. చిన్న టీచర్‌కు అక్కడే ఒళ్లు మండింది.

ఆమె వాళ్లింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. పాఠం అర్థం కాక వెనక బెంచీలో కూర్చోవడమంటే ఏమిటో ఎవరూ ఆమెకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ బడికి వచ్చాక రోజూ మొదటి గంట తరగతులు కలిపేసింది. అక్షరాలు రానివాళ్లంతా ఒక గుంపు, మాటలు కూడబలుక్కునేవాళ్లు ఒక గుంపు, కథ చదవగలిగేవాళ్లు ఇంకో గుంపు. ఆ గంటలో ఎవరిది ఏ తరగతని ఎవరూ అడగరు.

అలా నాలుగో తరగతి పిల్ల ఒకతి వచ్చి ఒకటో తరగతి బుడతల మధ్య కూర్చుంది. పొడుగ్గా ఉంటుందని బడంతా ఆమెను నిచ్చెన అనేది. మొదట్లో సిగ్గుతో తలెత్తలేదు. తర్వాత తను నేర్చుకున్న అక్షరం కింద వేలు పెట్టి బుడతలకు చూపించడం మొదలుపెట్టింది. వాళ్లకు చూపించాలంటే ముందు తనకు రావాలి కదా, సాయంత్రం ఆగి మరీ మర్నాటి పేజీ చెప్పించుకుని వెళ్లేది. ఆమె వేలు జరిగితే బుడతల నోళ్లు కదిలేవి. వేలు ఆగితే నోళ్లూ ఆగేవి.

"నిచ్చెన ఇప్పుడు చదువుతోంది సార్. ఆమెనైనా రానివ్వండి" అంది చిన్న టీచర్.

"చదువుతోందా, తడుముకుంటోందా?"

"తడుముకుంటూ చదువుతోంది."

"తనిఖీ మేడమ్‌కి అంత తీరిక ఉండదమ్మా. మార్కుల సగటు పడిపోతే మనల్ని తీసుకెళ్లి రోడ్డవతల బడిలో కలిపేస్తారు. అప్పుడు నీ గుంపులు ఫుట్‌పాత్ మీద పెట్టుకో."

తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం ఆయన నిచ్చెన తల్లిని గేటు దగ్గర ఆపి, నలుగురూ వింటుండగా, రేపు పిల్లను పంపొద్దని చెప్పేశాడు.

తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రం చిన్న టీచర్ వెళ్లేసరికి ఆ ఇరుకు గదంతా ఆవిరి.

"రా పంతులమ్మా. కూర్చోడానికి చోటు లేదు, నిలబడే మాట్లాడు."

"రేపు పాపను పంపించక్కా."

"మీ సారేమో రావద్దన్నాడు, నువ్వేమో రమ్మంటున్నావు. ముందు మీరూ మీరూ ఒక మాట మీదికి రండి."

"నా మాట మీద పంపించు."

తల్లి చొక్కా కాలరు తిప్పి వేసి నొక్కింది. "నన్నూ చిన్నప్పుడు ఇలాగే ఒక్క రోజు ఆగమన్నారు. ఆ ఒక్క రోజు ఇంకా అయిపోలేదు." చొక్కా మడిచి పక్కన పెట్టింది. "సరే, నీ ముఖం చూసి పంపుతా. అక్కడ మళ్లీ ఎవరైనా దాన్ని పక్కకి నెడితే మాత్రం, ఇదిగో, రెండో ఇస్త్రీ పెట్టె ఖాళీగానే ఉంది. నువ్వొచ్చి అడగొద్దు."

బట్టల మూటల వెనక నుంచి నిచ్చెన తల బయటికి పెట్టింది. "టీచర్, రేపు బుడతలకు కప్ప పేజీయేనా?"

"కప్ప పేజీయే."

మర్నాడు గంట కొట్టినా నిచ్చెన కనబడలేదు. తల్లి మాట తప్పిందని చిన్న టీచర్ లోలోపల ఉడికిపోయింది.

తనిఖీ మేడమ్ నాలుగో తరగతిలోకి వెళ్లి నది పాఠం తీయమంది. ముందు వరుస పిల్లలు బొమ్మ చూస్తూనే గడగడా అందుకున్నారు. ఆమె బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, మధ్యలో ఒక వాక్యం చూపించి, "ఇది చదవండి" అంది. పిల్లలు వాక్యం వదిలేసి ఆమె చెయ్యి కింది బొమ్మ కోసం వెతికారు. పెద్ద సార్ జేబురుమాలు తీశాడు.

ఒకటో తరగతిలో ఆమె కప్ప పేజీ తీసింది. బుడతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రాదా?" అంది మేడమ్.

"వచ్చు. వేలు లేదు" అంది ముందు పళ్లు ఊడిన పిల్ల. "నిచ్చెనక్క వేలు పెట్టాలి."

"ఎక్కడుంది మీ అక్క?"

"సామాన్ల గదిలో. పెద్ద సార్ పెట్టి తాళం వేశారు."

చిన్న టీచర్ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వండి సార్."

"అది తర్వాత మాట్లాడదాం..."

"ఇవ్వండి."

తలుపు తీసేసరికి నిచ్చెన విరిగిన బెంచీల మధ్య ముడుచుకుని ఉంది, ఒళ్లో పుస్తకం. "చప్పుడవుతుందని కదల్లేదు టీచర్" అంది.

దుమ్ము చేతులతోనే వచ్చి వాక్యం కింద వేలు పెట్టింది. బుడతలు చదివారు. తర్వాత మేడమ్ అడిగితే తనొక్కతే ఇంకో పేజీ చదివింది, తడబడింది, వెనక్కి వెళ్లి సరిచేసుకుంది, చివరిదాకా లాగింది.

"ఈ పద్ధతి ఎవరిది?"

"మా బడిదే మేడమ్" అన్నాడు పెద్ద సార్.

"సార్ పద్ధతి వేరే ఉంది మేడమ్" అంది చిన్న టీచర్. "ఆ పద్ధతిలో చదవడం రానివాళ్లు ఇళ్లల్లో కూర్చున్నారు. నేను వెళ్లి పిలుచుకొస్తా, వాళ్లనూ లెక్కలో వేయండి."

మేడమ్ ఇంకో రోజు మళ్లీ వచ్చి, అందరినీ కూర్చోబెట్టి చదివించింది. సగటు ఘోరంగా వచ్చింది. కానీ అది నిజం సగటు. బడికి ఒక ఏడాది గడువిచ్చి, ఆ మొదటి గంటను అన్ని తరగతులకూ పెట్టించింది. పెద్ద సారూ అక్షరాల గుంపుతో నేల మీద కూర్చోక తప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఆ బడిలో ఎక్కువమంది పిల్లలు కథ చదువుతున్నారు. ఇప్పుడు వేరే బడుల టీచర్లు చూడ్డానికి వస్తారు. పెద్ద సార్ వాళ్లకు "మేము ఇలా మొదలుపెట్టాం" అని చెబుతాడు.

నిచ్చెన మాత్రం ఆ మొదటి తనిఖీ మర్నాటి నుంచే రాలేదు.

ఆ రోజే చిన్న టీచర్ లాండ్రీకి పరుగెత్తింది. "ఎవరూ పొమ్మనలేదుగా అక్కా" అంది.

"అవును, పొమ్మనలేదు" అంది తల్లి తలెత్తకుండా. "తాళం వేశారు."

రెండో ఇస్త్రీ పెట్టె నిచ్చెన చేతిలో ఉంది. టీచర్ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అది ఆ చేతిలోనే ఉంది.

బడి వరండాలో పెద్ద ఫోటో ఒకటి వేలాడుతోంది. అందులో పెద్ద సార్ ఉన్నాడు, మేడమ్ ఉంది, ముందు వరుస పిల్లలున్నారు. మీరెప్పుడైనా అలాంటి బడికి వెళ్లి, బుడతలు వాక్యం కింద వేలు జరుపుకుంటూ చదవడం చూస్తే, అది మొదట ఎవరి వేలో అక్కడ ఎవరూ చెప్పరు. మీరైనా నిచ్చెనను గుర్తు పెట్టుకోండి.