కారణం రాయాల్సిన గడి

ఆ లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడకి చాటున అందరూ పెట్టుకున్న పేరు గడులమ్మ. సభ్యత్వం ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆవిడకి ముద్ద దిగదు. గుర్తింపు కార్డు నంబరు గడి అయితే మరీను. అది రాయనివాడు దేవుడైనా సరే, అక్కడ కూర్చుని చదువుకోవలసిందే, ఇంటికి పుస్తకం ఇచ్చేది లేదు.

దేవుడి సంగతేమో గానీ, పెయింటర్ గారు మాత్రం రాయలేదు. ఒకప్పుడు ఊళ్లో సగం దుకాణాల బోర్డులు రాసిన మనిషి. రోజూ పొద్దున్నే వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, నవలలోంచి నాలుగు పేజీలు నోటుబుక్కులోకి ఎక్కించుకుని వెళ్ళేవాడు. మంచం దిగలేని భార్య చదువుకోవడానికట. మూడేళ్ళుగా ఇదే వరస. మొండిఘటం అనుకునేది గడులమ్మ. ఒక్క నంబరు రాసి పడేస్తే పోయేదానికి ఇంత చాకిరీ ఎవరు చేయమన్నారు?

ఒక సోమవారం పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జనం నంబర్లు నిజంగా అవసరమైతేనే తీసుకోవాలట. ఎందుకు అడుగుతున్నారో ఎదురుగా ఉన్న గడిలో కారణం రాసి పంపాలట. కారణం లేకపోతే అడగడం మానేసి, పాతవి కూడా చెరిపేయాలట.

గడులమ్మ పెన్ను తీసింది. పుస్తకం తిరిగి రాకపోతే? దానికి చిరునామా ఉంది, ఫోన్ నంబరుంది. అసలు ఇన్నేళ్ళలో ఆ నంబరు పట్టుకుని ఒక్క పుస్తకమైనా వెనక్కి రాబట్టిందా? ఎంత తల గోక్కున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి ఆ గడి ఖాళీగానే పంపింది. సాయంత్రం వరకూ కూర్చుని రిజిస్టర్లో నంబర్ల మీద నల్లసిరా పూసింది. పూస్తున్నంతసేపూ సిగ్గేసింది.

మర్నాడు తనే కిటికీ దగ్గరకు వెళ్ళింది.

"పెయింటర్ గారూ, ఇక నంబరు అక్కర్లేదండి. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళండి. ఇంతకీ ఎందుకివ్వలేదు మీరు?"

"ఓసారి ఏదో దుకాణంలో అడిగితే ఇచ్చానమ్మా. ఆ నంబరుతో ఎవడో నా పేరు మీద సిమ్ తీసుకుని ఎవర్నో బెదిరించాడు. పోలీసులు మా ఇంటికొచ్చి, మా ఆవిడ ముందు నన్ను దొంగలా నిలబెట్టారు. ఇంకెవరికీ ఇవ్వనని అప్పుడే ఒట్టేసుకున్నా."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"మీరు అడిగింది నంబరేగా అమ్మా."

ఆయన నవల చంకలో పెట్టుకుని వెళ్ళాడు. గురువారం పొద్దున్నే తిరిగి తెచ్చాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"రెండు రోజుల్లో నమిలేసింది. నేనైతే మూణ్ణెల్లు రాసేవాణ్ణి." నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "డాక్టరు గారు ఇంకో నెల అంటున్నారమ్మా. ఆవిడ చదవాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒకసారికి ఎన్నిస్తారు?"

నిబంధన ప్రకారం రెండు. ఆ మాట గడులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మూడేళ్ళు, రోజుకు నాలుగే పేజీలు.

"మీరెన్ని మోయగలరు?" అంది.