వాళ్ళు తినలేదు

చలికి గదులు వెచ్చబెట్టే మా బడి బాయిలర్‌కి బొగ్గు వేసేది నేను. ఎనిమిదో తరగతి దాకా ఆ బడిలోనే చదివాను. పుస్తకాల సంగతి నన్నెవరూ అడగరు. ఆ మంగళవారం మాత్రం అడక్కుండానే చెప్పాను.

జిల్లా హాస్టల్ బడిలో మా లోయకి ఈ ఏడు ఒక్కటే సీటు. పాఠం చదివి అర్థం చేసుకునే పరీక్షలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళది. నా చెల్లెలి కూతురు ఐజిరెక్‌కి ఒక్క మార్కు తగ్గింది. సీటు పక్క ఊరి పిల్లాడికి పోతుందన్నారు.

దిద్దిన కాగితం పట్టుకుని బాయిలర్ గదిలోకి వచ్చింది. ఏడవలేదు.

"చూడు మామయ్యా. ఏం తప్పు రాశానో నాకే తెలియట్లేదు."

మసి చేతులు ప్యాంటుకి తుడుచుకుని చదివాను. మంచు కురుస్తున్న రోజు ఒక రౌతు కాపరి గుడారానికి వస్తాడు. ఇల్లాలు పళ్ళెంలో మాంసం పెట్టి "మేమిప్పుడే తిన్నాం, నువ్వు తిను" అంటుంది. పిల్లలు పొయ్యి దగ్గర కూర్చుని అతని చేతులకేసి చూస్తుంటారు. గుమ్మంలో కుక్క ఉత్త నేలను నాకుతుంటుంది. ఇంటివాళ్ళు అతనితో కలిసి ఎందుకు తినలేదన్నది రెండు మార్కుల ప్రశ్న. ఉన్నది ఒక్కడికే సరిపోతుంది కాబట్టి అని పిల్ల గుర్తు పెట్టింది. అప్పటికే తినేశారు కాబట్టి అన్నది సరైన జవాబట.

"నీకెలా తెలిసిందే?"

"తినుంటే కుక్క ఎముక కొరుకుతూ ఉండేది కదా మామయ్యా?"

పార అక్కడే పడేసి, పిల్ల చెయ్యి పట్టుకుని పైకి వెళ్ళాను.

టీచర్ల గదిలో, పరీక్ష కాగితాలు దిద్దిన ఇన్‌స్పెక్టర్ జుమాగుల్ భోంచేస్తోంది. మా బడిలో మా భాషా పాఠాలు చెప్పే బురుల్చా, ఇంకో ఇద్దరు టీచర్లు గోడవారగా నిలబడి "తినండి, తినండి" అంటున్నారు.

"ఎవరయ్యా నువ్వు, మసి మూతేసుకుని లోపలికొచ్చావ్?"

"బొగ్గు వేసేవాణ్ణమ్మా. ఈ పిల్లకి మేనమామని. నాలుగో ప్రశ్నకి సున్నా ఎందుకు పెట్టారు?"

"జవాబుల పట్టీ రాజధాని నుంచి వచ్చింది పెద్దాయనా. 'తిన్నాం' అని పాఠంలో ఉందా లేదా? పిల్లలు ఉన్నది చదవాలి. ఊహించుకోకూడదు."

"ఉన్నదే చదివిందమ్మా. కుక్కా ఉంది, పిల్లల చూపులూ ఉన్నాయి. మీ పట్టీ రాసినాయనే ఒక్క ముక్క చదివి మిగతాది వదిలేశాడు."

"బొగ్గు చూసుకో, పో. పిల్లలకేం నేర్పాలో నువ్వా చెప్పేది?"

"చెప్తాను. రేపు ఓట్లకొచ్చినవాడు 'అంతా మీకోసమే' అంటాడు. సంతలో బేరగాడు 'నీ గొర్రెకి రోగం' అంటాడు. అన్న మాట అన్నట్టే నమ్మడానికైతే బడెందుకు? చిలక్కి నేర్పుకోండి!"

ఆవిడ నవ్వి పళ్ళెంలోంచి మాంసం ఎముక అందుకుంది. ఆ నవ్వు చూసి నా నోరు నా మాట వినలేదు.

"ఈ టీచర్లు మీతో ఏమన్నారు? తిన్నామన్నారు కదూ? పొద్దుట్నుంచీ వీళ్ళ కడుపుల్లో టీ తప్ప ఏం లేదు. కుండ మోసుకొచ్చినవాణ్ణి, అందులో ఎంతుందో నాకు తెలుసు."

అతిథి తింటుండగా ఇలాంటి మాట మా వైపు ఎవరూ అనరు. మా అమ్మ బతికుంటే చెంప పగలగొట్టేది. ఐజిరెక్ నా చొక్కా లాగింది.

"మామయ్యా, వద్దు."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి పళ్ళెం మీదే ఆగింది. "నిజమేనా బురుల్చా?"

"అబ్బే, తిన్నామండీ. పొగకి ఈయన బుర్ర తిరిగింది, పట్టించుకోకండి." గోడకేసి చూస్తూ చెప్పింది.

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అర్థమైంది. ఎంత బాగా అర్థమైందో ఎదురుగా నిలబడి చూశాను. అర్థమయ్యాక కూడా ఆవిడ చేతులు తుడుచుకుని అన్న మాట ఇది:

"పట్టీ మార్చే అధికారం నాకు లేదు. టీచర్ అభ్యంతరం రాసిస్తే, పైనుంచి జవాబొచ్చేదాకా సీటు ఎవరికీ ఇవ్వరు. కానీ నీ ప్రమోషన్ కాగితం కూడా ఆ పైవాళ్ళ బల్ల మీదికే వెళ్తుంది బురుల్చా. ఆలోచించుకో."

అన్నం పెట్టిన చేతికి బెదిరింపు! నాకు ఒళ్ళు మండింది. ఈసారి నేను నోరు తెరిచేలోగా బురుల్చా ముందుకొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ బడిలో గొంతు పెంచని మనిషి.

"కాగితం ఇవ్వండి."

నిలబడే రాసింది. ఆమె భుజం మీంచి చదివాను. 'ఆ ఇంటివాళ్ళు తినలేదు. పిల్ల సరిగ్గానే చదివింది. అలా చదవడం నేర్పింది నేను.' కింద పూర్తి పేరు, సంతకం, తేదీ.

కాగితం మడిచి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి, పళ్ళెం మళ్ళీ ఆవిడ వైపు జరిపింది.

"దీన్ని పరీక్ష కాగితాల కవర్లో పెట్టుకోండి. భోంచేయండి, చల్లారిపోతోంది."