పనస చెక్క గిటారు

పెద్దాపురం మరిడమ్మ జాతరలో పాటకచేరీ రేపనగా, మా బావమరిది గణేష్‌బాబు పగిలిన కరెంటు గిటారు చంకన పెట్టుకుని వచ్చాడు. వ్యాను మీంచి పడిందట. మెడ, తీగలు, వైర్లు బాగానే ఉన్నాయి. మొండెమే నిలువునా చీలింది.

"రేపు ఆరింటికి స్టేజీ ఎక్కకపోతే బ్యాండులో నా చోట్లో తుని కుర్రాణ్ణి పెట్టేసుకుంటారు బావా. రెండేళ్లు తిరిగితే దొరికిన చోటు."

నేను దేవుడి మందిరాలు చేసే వడ్రంగిని. ఇంట్లో అంత మందం చెక్క ఒక్కటే ఉంది, మా పూజామందిరానికని దాచిన పనస పలక. మా ఆవిడ చిట్టెమ్మ వైపు చూశాను.

"స్వామి ఇంకో ఏడాది గూట్లోనే ఉంటార్లెండి. వాడి చోటు పోతే మళ్లీ వస్తుందేంటండి?" అంది.

దణ్ణం పెట్టుకుని గీత గీశాను. దేవుడి చెక్క సినిమా పాటలకివ్వడం తప్పేమో అనిపిస్తూనే ఉంది, చేతులు మాత్రం ఆగలేదు. రంపంతో వంపులు కోసి, బాడిసతో అంచులు గుండ్రం చేశాను. వసారా అంతా పచ్చటి పొట్టు. ఏ మందిరం చేసినప్పుడూ ఇంత హుషారు రాలేదు.

మర్నాడు పొద్దున్నే దాన్ని తిరగేసి, వెనకవైపు ఉలితో తొలవసాగాను. మా తాత వీణలు చేసేవాడు. పొట్ట తొలిస్తేనే నాదం పుడుతుందని ఆయన దగ్గర నేర్చుకున్నదే.

"బావా, ఆపండి! అది గుల్ల కాకూడదు, గట్టిగానే ఉండాలి!" అని గణేష్ కేకపెట్టాడు.

"పొట్ట లేకుండా ఎలా మోగుద్దిరా?"

"మీకుందిగా, చాలదేంటి? దీనికి అయస్కాంతం ఉంటుంది. తీగ అదురు అదే పట్టుకుంటుంది. అది కూర్చునే గుంట ముందువైపు తీస్తే చాలు."

అప్పటికే అరచేయంత గొయ్యి పడింది. మిగిలిన పనస ముక్కలోంచి బిళ్ళ కోసి, జిగురు పూసి, దిగ్గొట్టాను. ఆషాఢం ముసురుకి జిగురు ఓ పట్టాన ఆరదు. చిట్టెమ్మ కుంపటి పక్కన పెట్టి మధ్యాహ్నందాకా విసురుతూనే ఉంది.

ముందువైపు గుంట తీసిచ్చాక, ఐదింటికి గణేష్ మెడ, అయస్కాంతం, తీగలు బిగించాడు. బిళ్ళ కదల్లేదు. మీటాడు. దోమ రొదంత వినిపించింది. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇంతేనేంట్రా?"

వాడు నవ్వుతూ వైరు తెచ్చి, తన వెంట తెచ్చుకున్న స్పీకరు పెట్టెకి తగిలించి మళ్లీ మీటాడు. వసారా రేకులు దద్దరిల్లాయి! చిట్టెమ్మ చెవులు మూసుకుని పకపకా నవ్వింది. చెక్క మీద చెయ్యి వేశాను. చీమ దూరే సందు లేదు, అయినా అరచేతికి జుమ్మంటోంది.

"ఇంత మోత ఎక్కడ దాగుందిరా ఇందులో?"

"ఆటోలో చెప్తాను బావా, ఆ పెట్టె పట్టండి!" అంటూ వాడు గిటారు మెళ్లో వేసుకునే పరుగెత్తాడు.